దౌ వస్తే ‘స్ట్’, హీ వస్తే ‘త్’: పాతకాలపు ఇంగ్లీషు క్రియలను చదవడం, రాయడం ఎలా

ఇంట్లో ఇంగ్లీషులో రాయించిన క్రయ దస్తావేజు ఏదైనా ఉంటే ఒకసారి తీసి చూడండి. అమ్మేవారి పేరు, కొనేవారి పేరు, ఆస్తి ఎలా సంక్రమించిందో చెప్పే పేరాలు అయ్యాక, అసలు షరతులు మొదలయ్యే చోట పెద్దక్షరాలతో ‘నౌ దిస్ డీడ్ విట్నెసెత్ యాజ్ ఫాలోస్’ అని ఉండే అవకాశం చాలా ఎక్కువ. ‘ఈ దస్తావేజు ఈ కింది విషయాలకు సాక్ష్యం పలుకుతోంది’ అని దాని అర్థం. విట్నెసెత్ చివర ఉన్న ‘ఎత్’ నాలుగు వందల ఏళ్ల కిందటి ప్రత్యయం. నేటి ఇంగ్లీషులో అది విట్నెసెస్. తమాషా ఏమిటంటే, ఒక్క మాట దాటగానే వచ్చే ఫాలోస్‌కు మాత్రం ఆధునికమైన ‘స్’ తగిలించారు. పాత పద్ధతినే పాటిస్తే అది ఫాలోయెత్ కావాలి. ఆ ‘ఎత్’ వల్ల దస్తావేజుకు అదనంగా వచ్చే బలమేమీ లేదు. ఒకరు రాసింది చూసి మరొకరు రాస్తూ వచ్చిన మాట, అంతే.

డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదివేవారికి షేక్‌స్పియర్ నాటకాల్లో, చర్చికి వెళ్లేవారికి 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిల్లో ఈ రూపాలు పేజీపేజీకీ ఎదురవుతాయి. వీటిని ఓల్డ్ ఇంగ్లీష్ అనడం మామూలే కాని, అది సరికాదు. ఆ పేరు సుమారు 1100కు ముందున్న భాషది. విడిగా నేర్చుకుంటే తప్ప అది ఇంగ్లీషువాళ్లకు కూడా అర్థం కాదు. ఇక్కడ చెప్పుకునేది సుమారు 1500 నుంచి 1700 వరకు నడిచిన ఇంగ్లీషు గురించి. ఇకపై పాత ఇంగ్లీషు అన్నప్పుడల్లా దీన్నే అనుకోండి.

ఈ విషయంలో తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు అని కర్తను బట్టి క్రియ చివర మార్చడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. పాత ఇంగ్లీషు క్రియ చేసేదీ అదే పని. సరదాకు పాత ఇంగ్లీషు రాయబోయి ప్రతి క్రియకూ ‘ఎత్’ తగిలించేవాళ్లు నిజానికి ‘నేను వెళ్తాడు, మేము వెళ్తాడు’ అంటున్నారు. తెలుగు చెవికి అది ఎంత ఎబ్బెట్టుగా తోస్తుందో గుర్తు పెట్టుకుంటే సగం వ్యాకరణం వచ్చేసినట్టే.

మొదటి మెట్టు: క్రియ జోలికి పోకుండా ముందు కర్తను పట్టుకోండి

దౌ అంటే నువ్వు. నౌ, హౌ పలికినట్టే దౌ పలకాలి. దీ అంటే నిన్ను లేదా నీకు. దై అంటే నీ. అచ్చుతో మొదలయ్యే మాట ముందు అదే దైన్ అవుతుంది: దై నేమ్, దైన్ ఎనిమీ. బహువచనంలో యీ అంటే మీరు, యూ అంటే మిమ్మల్ని. బైబిల్లో యోహాను సువార్త 8వ అధ్యాయం 32వ వచనం ఈ రెండింటినీ పక్కపక్కనే చూపిస్తుంది: ‘యీ షల్ నో ద ట్రూత్, అండ్ ద ట్రూత్ షల్ మేక్ యూ ఫ్రీ’. మీరు తెలుసుకుంటారు అన్నచోట యీ, మిమ్మల్ని విడిపిస్తుంది అన్నచోట యూ. పాత దుకాణాల బోర్డుల మీద కనిపించే ‘యీ ఓల్డ్’ మాత్రం ఈ యీ కాదు. అది ‘ద’ అనే మాటే. ఆ శబ్దానికి ఒకప్పుడున్న ప్రత్యేక అక్షరం చేతిరాతలో వై లాగా కనిపించేది. ఆ పోలికే వాడుకలో స్థిరపడింది.

బైబిల్లో దేవుణ్ణి దౌ అన్నారు కాబట్టి అది మహా గౌరవ వాచకమని చాలామంది అనుకుంటారు. జరిగింది సరిగ్గా తలకిందులు. మధ్యయుగాల్లో ఫ్రెంచి మర్యాదల ప్రభావంతో ఒక్కరినే అయినా బహువచనంతో పిలవడం ఇంగ్లీషులోకి వచ్చింది. దాంతో దౌ చనువుకూ, చిన్నవారికీ, కోపానికీ మిగిలింది. మన వాగ్గేయకారులు రాముణ్ణి రారా అని పిలిచినంత చనువే ఆ ప్రార్థనల్లోనూ ఉంది. కోపానికి ఉదాహరణ కావాలంటే 1603లో ఇంగ్లండు నావికుడు, కవి సర్ వాల్టర్ రాలీ మీద జరిగిన రాజద్రోహ విచారణ చూడాలి. ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ నిండు కోర్టులో ఆయన్ని ‘అయ్ దౌ దీ, దౌ ట్రైటర్’ అన్నాడు. ఇక్కడ దౌ అనే సర్వనామాన్నే క్రియ చేసేశాడు. ‘నిన్ను నువ్వు అనే అంటానురా ద్రోహీ’ అన్నట్టు. ఏకవచనంలోకి దిగడం ఎంత పెద్ద మాటో మనకు వేరే చెప్పనక్కర్లేదు. అదే శతాబ్దంలో జార్జ్ ఫాక్స్ అనుచరులైన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు మనుషులంతా సమానమన్న నమ్మకంతో, ఎదుటివాడు ఎంత గొప్పవాడైనా దౌ అనే పిలిచి చీవాట్లూ దెబ్బలూ తిన్నారు.

రెండో మెట్టు: కర్త దౌ అయితే క్రియ చివర ‘ఎస్ట్’ లేదా ‘స్ట్’

నో అనే క్రియ దౌ పక్కన నోయెస్ట్ అవుతుంది. గో గోయెస్ట్, లవ్ లవెస్ట్, సే సేయెస్ట్. మన ‘వు’ చేసే పనే ఇది: తెలుసుకుంటావు, వెళ్తావు, ప్రేమిస్తావు. గ్రేటెస్ట్, టాలెస్ట్ లాంటి మాటల్లోని ఎస్ట్‌కూ దీనికీ సంబంధం లేదు. అది విశేషణానికి చేరి ‘అందరికన్నా’ అని చెబుతుంది, ఇది క్రియకు చేరి ‘నువ్వు’ అని చెబుతుంది.

తరచుగా వాడే క్రియల రూపాలు కంఠస్థం చేయక తప్పదు. ఆర్ అనే చోట దౌ ఆర్ట్. వాజ్, వర్ అనే చోట దౌ వాస్ట్ లేదా వర్ట్. హ్యావ్ హ్యాస్ట్ అవుతుంది, హ్యాడ్ హ్యాడ్‌స్ట్ అవుతుంది. డూ అనేది డస్ట్ అవుతుంది. రాతలో మధ్య అక్షరం ‘ఓ’ అయినా పలుకు మాత్రం దుమ్ము అనే అర్థమున్న డస్ట్ లాగానే. డిడ్ డిడ్‌స్ట్, క్యాన్ క్యాన్‌స్ట్, వుడ్ వుడ్‌స్ట్. విల్, షల్ అనే రెండూ ‘స్’ లేకుండా ఉత్త ‘ట్’ మాత్రమే తీసుకుని విల్ట్, షాల్ట్ అవుతాయి. మస్ట్ చివర అప్పటికే స్ట్ ఉంది కాబట్టి దాన్ని ఎవరూ కదిలించలేదు. ఆర్ట్ కనబడగానే కళ అనీ, విల్ట్ కనబడగానే వాడిపోవడం అనీ అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. పక్కన దౌ ఉందేమో చూస్తే అనుమానం తీరిపోతుంది. ‘వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో’ అన్న ప్రసిద్ధ వాక్యంలో చిక్కు ఆర్ట్ దగ్గర లేదు, వేర్‌ఫోర్ దగ్గర ఉంది. దాని అర్థం ఎక్కడ అని కాదు, ఎందుకు అని. శత్రువుల ఇంట పుట్టిన రోమియోవే ఎందుకయ్యావు అని జూలియట్ అడుగుతోంది.

చదువుకో ఉద్యోగానికో జర్మనీ వెళ్లినవాళ్లకు ఈ మెట్టు ఇంకా తేలిక. డు హాస్ట్, డు కాన్‌స్ట్ అని అక్కడ రోజూ వింటూనే ఉంటారు. ఇంగ్లీషు, జర్మన్ ఒకే కుదురు భాషలు. ఇంగ్లీషు వదిలేసిన ‘స్ట్’ను జర్మన్ ఇప్పటికీ వాడుతోంది.

మూడో మెట్టు: కర్త హీ, షీ, ఇట్ అయితే ‘ఎత్’

ఎలిజబెత్ చివర వినిపించే ‘త్’ ఇది. మేక్ మేకెత్, లీడ్ లీడెత్, గో గోయెత్. హ్యాజ్ బదులు హ్యాత్. డజ్ బదులు డత్. సేస్ బదులు సెయిత్ అని రాసి సెత్ అని పలుకుతారు. పొట్టి అచ్చు తర్వాత ఒక్క హల్లుతో ముగిసే చిన్న మాటల్లో ఆ హల్లు రెట్టింపు అవుతుంది: రన్ రన్నెత్, సిట్ సిట్టెత్. క్యారీ లాంటి మాటల్లో చివరి వై అక్షరం ఐగా మారుతుంది. మొత్తం మీద, నేటి ఇంగ్లీషులో ఎక్కడ ‘స్’ వస్తుందో అక్కడే ‘ఎత్’ వస్తుంది, మరెక్కడా రాదు.

23వ కీర్తన తెలుగులో వచ్చినవాళ్లు ఇంగ్లీషు పక్కన పెట్టుకుని చూస్తే ఇది నూరేళ్లు గుర్తుంటుంది. ‘హీ మేకెత్ మీ టు లై డౌన్’ అన్నచోట తెలుగు బైబిలు ‘ఆయన నన్ను పరుండజేయుచున్నాడు’ అంటుంది. ‘హీ లీడెత్ మీ’ అన్నచోట ‘నన్ను నడిపించుచున్నాడు’. ‘మై కప్ రన్నెత్ ఓవర్’ అన్నచోట ‘నా గిన్నె నిండి పొర్లుచున్నది’. తెలుగులో ఆయనకు ఒక ప్రత్యయం, గిన్నెకు వేరొకటి. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే ‘ఎత్’.

అసలు ఈ ‘ఎత్’ ఎలా పోయిందన్నది ఆసక్తికరమైన కథ. ‘స్’ ఇంగ్లండు ఉత్తర ప్రాంతాల నుంచి మెల్లగా దక్షిణానికి దిగింది. 1600 నాటికి లండన్ జనం నోట ‘స్’ బాగా నలిగింది, రాతలో మాత్రం ‘ఎత్’ పెద్దరికం నిలబెట్టుకుంది. 1643లో రిచర్డ్ హాడ్జెస్ అనే ఆయన తన వర్ణక్రమ పుస్తకంలో ఒక మాట రాశాడు: మనం లీడెత్, మేకెత్ అని రాస్తాం కాని లీడ్స్, మేక్స్ అనే పలుకుతాం అని. రాతలో ‘వచ్చుచున్నాడు’ అని ఉన్నా నోటితో ‘వస్తున్నాడు’ అన్న మన పాతతరం సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా ఏమీ ఉండదు. అందరికన్నా ఎక్కువ కాలం నిలిచినవి హ్యాత్, డత్. మిగతా క్రియలన్నీ ‘స్’కు మారిపోయాక కూడా ఆ రెండూ రాతలో కొనసాగాయి.

షేక్‌స్పియర్ ఈ సంధికాలంలో ఉన్నాడు కాబట్టి రెండింటినీ వాడుకున్నాడు. ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నాలుగో అంకంలో కరుణ గురించి పోర్షియా చెప్పే మాటల్లో ఒక పంక్తి చూడండి: ‘ఇట్ బ్లెస్సెత్ హిమ్ దట్ గివ్స్ అండ్ హిమ్ దట్ టేక్స్’. ఇచ్చినవాణ్ణీ పుచ్చుకున్నవాణ్ణీ కూడా కరుణ దీవిస్తుందని భావం. ఒకే పంక్తిలో బ్లెస్సెత్ పాతది, గివ్స్, టేక్స్ కొత్తవి. గివెత్, టేకెత్ అని ఉంటే చెరొక అక్షరం పెరిగి ఛందస్సు చెడుతుంది. బ్లెస్ చివర ఇప్పటికే ‘స్’ ఉంది. అలాంటి క్రియల్లో ‘ఎత్’ కొంచెం ఎక్కువ కాలం నిలిచింది, మళ్లీ ‘స్’ చేర్చి బుసబుసలాడించడం ఎందుకన్నట్టు. కాబట్టి పాత రచనలో రెండూ కలిసి కనిపిస్తే ముద్రణ దోషమని కంగారుపడనక్కర్లేదు.

నాలుగో మెట్టు: ప్రశ్న, నిషేధం

పాత ఇంగ్లీషులో ప్రశ్న అడగడానికి డూ సాయం తప్పనిసరి కాదు. క్రియను ముందుకు తెస్తే చాలు: ‘నోయెస్ట్ దౌ?’ అంటే నీకు తెలుసా. ‘విదర్ గోయెస్ట్ దౌ?’ అంటే ఎక్కడికి వెళ్తున్నావు. కాదు అని చెప్పడానికి క్రియ తర్వాత నాట్ పెడతారు: ‘అయ్ నో నాట్’, ‘హీ గోయెత్ నాట్’.

డూ వచ్చిందంటే మాత్రం ప్రత్యయం దానికే అంటుకుంటుంది, అసలు క్రియ మూలరూపంలో ఉండిపోతుంది. ‘డస్ట్ దౌ నో’ సరైనది, ‘డస్ట్ దౌ నోయెస్ట్’ తప్పు. హామ్లెట్‌లో ‘ద లేడీ డత్ ప్రొటెస్ట్ టూ మచ్’ అన్న పంక్తిలో ‘త్’ డూకే చేరింది, ప్రొటెస్ట్ చెక్కుచెదరలేదు. తెలుగులో ‘వెళ్లి చూసి వస్తావు’ అన్నప్పుడు ప్రత్యయం చివరి క్రియకు వస్తుంది, ఇంగ్లీషులో మొదటిదానికి వస్తుంది. మన అలవాటు ఇక్కడ ఒక్కచోట అడ్డం తిరుగుతుంది, జాగ్రత్త.

డూ సహాయక్రియగా కాక ‘చేయడం’ అనే సొంత అర్థంతో వచ్చినప్పుడు ఎక్కువగా డూయెస్ట్, డూయెత్ అనే నిండు రూపాలు కనిపిస్తాయి. నీ కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనివ్వకు అన్న బైబిలు మాటలో ఉన్నది డూయెత్, డత్ కాదు.

ఐదో మెట్టు: కర్త దాక్కున్న వాక్యాలు

చాలామంది తడబడే చోటు ఇదే. ప్రభువు ప్రార్థన ‘అవర్ ఫాదర్ విచ్ ఆర్ట్ ఇన్ హెవెన్’ అని మొదలవుతుంది. ఫాదర్ అంటే ఆయన కదా, ఈజ్ రావాలి కదా అనిపిస్తుంది. కాని అది సంబోధన. ‘మా తండ్రీ’ అని ఎదురుగా ఉన్నట్టు పిలుస్తున్నారు కాబట్టి దాగి ఉన్న కర్త దౌ, అందుకే ఆర్ట్. తెలుగులో ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని సరిపోతుంది. ‘ఉన్న’ అనే మాటకు నువ్వు, ఆయన అనే తేడా లేదు కాబట్టి మనకు ఆ ఇబ్బంది కనిపించదు.

ఇదే సూత్రం 1820లో వెలువడిన షెల్లీ కవిత ‘టు ఎ స్కైలార్క్’ మొదటి చరణాన్ని విప్పుతుంది. చండోల పిట్టను ‘హెయిల్ టు దీ’ అని పలకరించి, ‘బర్డ్ దౌ నెవర్ వర్ట్’, నువ్వు పిట్టవే కావు అంటాడు. ఆ తర్వాత దట్ అని మొదలుపెట్టి, ఆకాశం నుంచి అని చెప్పి, మరుసటి పంక్తిలో ‘పోరెస్ట్ దై ఫుల్ హార్ట్’ అంటాడు. దట్‌కూ పోరెస్ట్‌కూ మధ్య దూరం ఉంది, క్రియ పక్కన దౌ లేదు. అయినా ఆ దట్ సూచించేది నిన్ను కాబట్టి క్రియకు ‘ఎస్ట్’ వచ్చింది. పోర్స్ అనో పోరెత్ అనో ఉంటే హృదయం ఒలకబోసేది వేరెవరో అవుతారు. విచ్, దట్, హూ కనిపించినప్పుడల్లా అది ఎవరి గురించో వెనక్కి వెళ్లి చూడాలి.

ఆరో మెట్టు: ఏ ప్రత్యయమూ రాని చోట్లు

రాయబోయేవారికి మిగతా మెట్లన్నిటికన్నా ఇది ముఖ్యం. నేను, మేము, మీరు, వారు అనే కర్తలకు ‘స్ట్’ లేదు, ‘త్’ లేదు. ‘అయ్ నో’, ‘యీ నో’, ‘దే నో’ అంతే. పొలంలోని పూల గురించి చెప్పే ప్రసిద్ధ వాక్యంలో ‘దే టాయిల్ నాట్’ అనే ఉంది, అవి శ్రమపడవు అని.

భూతకాలంలో హీ పక్కన ‘ఎత్’ రాదు. హీ కేమ్, హీ సా, హీ గేవ్. దౌ పక్కన మాత్రం అప్పుడూ ‘స్ట్’ వస్తుంది: దౌ కేమెస్ట్, దౌ సాయెస్ట్, దౌ గేవెస్ట్. ఇక్కడ జనం నోట నలిగిన ఒక మాటను సరిచేయాలి. ‘ద లార్డ్ గివెత్ అండ్ ద లార్డ్ టేకెత్ అవే’ అని అందరూ అంటారు. యోబు గ్రంథం మొదటి అధ్యాయం 21వ వచనంలో ఉన్నది ‘ద లార్డ్ గేవ్, అండ్ ద లార్డ్ హ్యాత్ టేకెన్ అవే’. తెలుగులో ‘యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను’. జరిగిపోయిన సంగతి అది, పిల్లలనూ ఆస్తినీ పోగొట్టుకున్న మనిషి అంటున్న మాట. గివెత్ అనేసరికి అది ఎప్పుడూ జరిగే వ్యవహారంగా చప్పబడిపోయింది. ‘ఎత్’ ఉంటే పాతగా ఉంటుందన్న మోజు అసలు వాక్యాన్నే మార్చేసింది.

కోరిక, షరతు, శాపం, దీవెన చెప్పేటప్పుడూ ప్రత్యయం పోతుంది. ‘దై కింగ్‌డమ్ కమ్’ అన్నచోట కమెత్ అని ఎందుకు లేదు? అది వస్తోంది అని చెప్పడం కాదు, రావాలని కోరడం. మన ‘నీ రాజ్యము వచ్చు గాక’లోని గాక ఇంగ్లీషులో ప్రత్యేకంగా కనిపించదు, ‘ఎత్’ లేకపోవడమే దాని గుర్తు. 1662 నాటి ఇంగ్లండు ప్రార్థన పుస్తకంలోని పెళ్లి ప్రమాణంలో ‘టిల్ డెత్ అజ్ డూ పార్ట్’ అని ఉంటుంది. మరణం ఒక్కటే కదా, డత్ అనాలి కదా అని తోచవచ్చు. ఇంకా జరగని, ఎప్పుడో జరగబోయే విషయం కాబట్టి అక్కడ డూ. ‘ఇఫ్ దౌ బీ’ అన్న చోట ఆర్ట్ లేకపోవడానికీ ఇదే కారణం.

షల్, విల్, క్యాన్ తర్వాతి క్రియకూ ఏమీ తగలదు. ‘దౌ షాల్ట్ నాట్ కిల్’ అన్నదే చాలు ఉదాహరణకు.

ఏడో మెట్టు: మిథింక్స్ అనే వింత

దీన్ని ‘నేను అనుకుంటున్నాను’ అని అర్థం చెప్పి వదిలేస్తారు. మరి అయ్ థింక్ ఉండగా మీ ఎందుకు వచ్చింది, థింక్ చివర స్ ఎందుకు వచ్చింది? ఇందులోని థింక్ ఆలోచించడం అనే క్రియ కాదు. తోచడం, అనిపించడం అనే అర్థమున్న మరో పాత క్రియ అది, తరవాతి కాలంలో రెండూ ఒకే రూపంలోకి వచ్చి కలిసిపోయాయి. మీ అంటే నాకు. కనుక మిథింక్స్ అంటే అక్షరాలా ‘నాకు తోస్తోంది’. ఇంగ్లీషు పిల్లలకు ఈ నిర్మాణం విడమరిచి చెప్పాలి. నాకు ఆకలేస్తోంది, నాకు తెలుసు, నాకు నచ్చింది అంటూ పెరిగిన మనకు అక్కర్లేదు. భూతకాలంలో ఇది మిథాట్, నాకు తోచింది. ముందు అయ్ చేర్చి అయ్ మిథింక్స్ అనకూడదు, ‘నేను నాకు తోస్తోంది’ అయిపోతుంది.

ఎనిమిదో మెట్టు: సొంతంగా రాయడం

నాటక సంభాషణకో, శుభలేఖకో, సరదా బోర్డుకో ఒకటి రెండు వాక్యాలు కావాలనుకోండి. ముందు నేటి ఇంగ్లీషులో రాసుకుని, కర్తల కింద గీతలు గీయండి. అతనికి ఇల్లు ఉందనీ, దాన్ని అమ్మడనీ నీకు తెలుసు అని చెప్పాలి. నేటి వాక్యం: ‘యూ నో దట్ హీ హ్యాజ్ ఎ హౌస్ అండ్ దట్ హీ డజ్ నాట్ సెల్ ఇట్’. కర్తలు మూడు: యూ, హీ, మళ్లీ హీ. వింటున్నది ఒక్క మనిషి, చనువున్నవాడు. కాబట్టి యూ స్థానంలో దౌ, నో స్థానంలో నోయెస్ట్. హ్యాజ్ హ్యాత్ అయింది. డజ్ నాట్ సెల్ అన్నచోట డత్ నాట్ సెల్ అన్నా తప్పు లేదు. నిషేధాన్ని పాత పద్ధతిలో చెప్పాలంటే సెల్లెత్ ఇట్ నాట్. చివరికి తేలింది: ‘దౌ నోయెస్ట్ దట్ హీ హ్యాత్ ఎ హౌస్, అండ్ దట్ హీ సెల్లెత్ ఇట్ నాట్’. మిగతా మాటల జోలికి పోలేదు. ఓల్డ్‌కు, హౌస్‌కు చివర అనవసరమైన ‘ఇ’ అక్షరాలు తగిలించే ముచ్చట నాటక కంపెనీ గడ్డాల లాంటిది, దూరం నుంచే అతుకు తెలిసిపోతుంది.

వినేవాళ్లు పలువురైనా, గౌరవించవలసిన ఒక్కరే అయినా దౌ తీసేయాలి. పలువురికి యీ, పెద్దవారికి యూ. అప్పుడు నోయెస్ట్ తిరిగి నో అయిపోతుంది. రాజుగారితో సేవకుడు దౌ అనడం సరదా రచనల్లో తరచూ కనిపించే తప్పు. రాజు సేవకుణ్ణి దౌ అంటాడు, సేవకుడు రాజును యూ అంటాడు. ఇద్దరి మాటల్లో ఆ తేడా చూపిస్తే, అడ్డదిడ్డంగా ‘ఎత్’లు చల్లకుండానే కాలం తెలుస్తుంది.

ఒక వాక్యంలో దౌ అని, మరో వాక్యంలో అదే మనిషిని యూ అని కారణం లేకుండా మార్చకండి. పాత నాటకాల్లో ఆ మార్పు ఉత్తినే రాదు. యూ నుంచి దౌకు దిగితే కోపమో ప్రేమో పుట్టిందన్నమాట, దౌ నుంచి యూకు ఎక్కితే మధ్యలో దూరం వచ్చిందన్నమాట. చదివేటప్పుడు ఆ మలుపు తగిలితే పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, పాత్ర మనసు ఆ వాక్యంలో ఎందుకు మారిందో వెతకండి.